ఫ్యూజు ఊరికే పోదు

మన ఊళ్ళలో పాత ఇళ్ళకి గోడమీద ఒక చెక్క బోర్డు, దానిమీద తెల్లటి పింగాణీ ఫీజు క్యారియర్లు ఉండేవి. కరెంటు పోతే ముందు వీధిలోకి తొంగిచూసేవాళ్ళు. పక్కింట్లో దీపం వెలుగుతుంటే "పోయింది మన ఫీజే" అని తేల్చేవాళ్ళు. సమయానికి ఫీజు వైరు దొరక్కపోతే ఏ పాత వైరులోంచో నాలుగు రాగి పోగులు తీసి మెలిపెట్టి చుట్టేసేవాళ్ళు. దీపం వెలిగేది. అసలు ఫీజు ఎందుకు పోయిందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయేది.

అమెరికా వచ్చి మొదటి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాక ఈ ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. ఒకరోజు పొద్దున్నే తాళం తిప్పితే కారు స్టార్ట్ కాదు. తెలిసినవాళ్ళు ఎవరో వచ్చి చూసి ఫ్యూజు పోయిందంటారు. కొత్తది పెడితే స్టార్ట్ అవుతుంది. రెండ్రోజులకి అదే ఫ్యూజు మళ్ళీ పోతుంది. ఇలాంటప్పుడు అసలు జబ్బు ఎక్కడుందో క్రమపద్ధతిలో ఎలా కనుక్కోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, రోజూ ఆఫీసులో చేసే డీబగ్గింగే. కావలసినవి ఒక మల్టీమీటరు, ఒక బల్బు, కాస్త ఓపిక.

ఫ్యూజు ఏం చేస్తుంది?

కారులో ప్రతి పరికరానికీ బ్యాటరీ ప్లస్ నుంచి వైరు వస్తుంది. తిరుగుదారి చాలావరకు కారు ఇనుప బాడీయే. బాడీని బ్యాటరీ మైనస్‌కి కలిపి ఉంచుతారు, దాన్నే గ్రౌండ్ అంటారు. కాబట్టి ప్లస్ వైరు తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి లోపలి రాగి బాడీకి తగిలితే చాలు, కరెంటు పరికరం దాకా వెళ్ళకుండా అడ్డదారి పడుతుంది. ఇదే షార్ట్ సర్క్యూట్. ఆ అడ్డదారిలో నిరోధం 0.1 ఓము అనుకుంటే, ఓమ్ సూత్రం ప్రకారం 12 వోల్టులకి 120 ఆంపియర్లు పారతాయి. దారిలో ఉన్న 10 ఆంపియర్ల ఫ్యూజు రెప్పపాటులో కరిగిపోతుంది.

స్టార్టరు మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది కాబట్టి దానికి బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి కేబులు ఉంటుంది. కానీ స్టార్టరుని ఆన్ చేసే రిలే, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజను కంప్యూటరు, సెన్సార్లు సాధారణంగా చిన్న ఫ్యూజుల మీదే ఆధారపడతాయి. వీటిలో ఒక్కటి పోయినా బండి కదలకపోవచ్చు.

పెద్ద ఫ్యూజు పెడితే ఏమవుతుంది?

ఈ ఫ్యూజులకి రంగుల గుర్తులున్నాయి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఆకుపచ్చది పెట్టేవాళ్ళూ ఉన్నారు, వంటింట్లో అల్యూమినియం రేకు చుట్టి పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఫ్యూజు పెట్టింది వైరుని కాపాడడానికి. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలవుతుంది. 10 ఆంపియర్లకి తగిన సన్నని వైరులో 30 ఆంపియర్లు పారితే ఆకుపచ్చ ఫ్యూజు హాయిగా ఉంటుంది, డాష్‌బోర్డు వెనక వైరు తొడుగు కరుగుతుంది. పక్క వైర్లూ కరుగుతాయి. నడిచే కారులో మంటలు రావడానికి ఇది చాలు. ఏ సైజు రాసి ఉంటే ఆ సైజే పెట్టాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

ముందు లక్షణాలు రాసుకోండి

మొదట బ్యాటరీ అనుమానం తీర్చుకోండి. పూర్తిగా చార్జయిన బ్యాటరీ దగ్గర మీటరు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కన్నా తక్కువ చూపిస్తే ముందు దాని సంగతి చూడాలి. బ్యాటరీ బాగానే ఉంటే, తాళం తిప్పినప్పుడు ఇంజను తిరుగుతోందా లేదా గమనించండి. తిరుగుతూ కూడా అందుకోకపోతే పెట్రోలు పంపు, ఇగ్నిషన్, సెన్సార్ల ఫ్యూజులు చూడాలి. అసలు తిరగకపోతే స్టార్టరు రిలే వైపు వెళ్ళాలి.

ఫ్యూజు పీకకుండానే పరీక్షించవచ్చు. దాని నెత్తిమీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. తాళం ఆన్‌లో ఉంచి మీటరుతో రెండుచోట్లా చూడండి. రెండుచోట్లా 12 వోల్టులు వస్తే ఫ్యూజు బాగున్నట్టు. ఒకవైపే వస్తే పోయినట్టు.

ఆ తరువాత అసలు ప్రశ్న: ఎప్పుడు పోతోంది?

• తాళం ఆఫ్‌లో ఉండగానే, కొత్త ఫ్యూజు పెట్టీపెట్టగానే పోతే, ఎప్పుడూ కరెంటు ఉండే వైరులో షార్ట్ ఉంది.
• తాళం ఆన్ చేయగానే పోతే ఇగ్నిషన్ స్విచ్చు తరువాతి భాగంలో ఉంది.
• స్టార్ట్ దాకా తిప్పినప్పుడే పోతే స్టార్టరుకి వెళ్ళే కంట్రోలు వైరుని అనుమానించాలి.
• గతుకుల్లోనో, మలుపుల్లోనో, వానలోనో పోతే వైరు ఎక్కడో ఒరుసుకుంటోంది, లేదా కనెక్టరులోకి నీళ్ళు చేరుతున్నాయి.
• నింపాదిగా కొన్ని నిమిషాలు నడిచాక పోతే ఏదో మోటారు అరిగిపోయి ఎక్కువ కరెంటు లాగుతుండవచ్చు, లేదా వేడెక్కాక ఏదో తగులుతుండవచ్చు.

ఈ చివరిదానికి కారణం ఫ్యూజు స్వభావంలోనే ఉంది. దాని సైజుకి రెండింతలు కరెంటు పారితే 5 సెకన్ల లోపు పోతుంది. 35 శాతమే ఎక్కువైతే 10 నిమిషాల దాకా కూడా తట్టుకోవచ్చు. పోయిన ఫ్యూజుని పారేయకండి, వెలుతురులో పట్టుకుని చూడండి. లోపల నల్లగా మసిబారి లోహం చిమ్మినట్టుంటే పూర్తి షార్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలో చిన్న ఖాళీతో శుభ్రంగా తెగి ఉంటే మెల్లగా పెరిగిన బరువు కావచ్చు.

బల్బుతో పరీక్ష

ఒక్కో ప్రయత్నానికీ ఒక్కో ఫ్యూజు తగలేస్తూ పోతే డబ్బా ఖాళీ అవుతుంది కాని జబ్బు దొరకదు. దీనికి పాత మెకానిక్కుల చిట్కా ఒకటుంది. ఫ్యూజు తీసి, ఆ స్థానంలో బల్బు పెట్టడం. బ్రేకు లైట్లకి వాడే 1156 నంబరు బల్బు ఆటో విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. దానికి రెండు వైర్లు కలిపి, వాటి చివరలని పోయిన ఫ్యూజు కాళ్ళకి సోల్డర్ చేస్తే పరికరం తయారు. ఈ బల్బు సుమారు 2 ఆంపియర్లకి మించి కరెంటు పారనివ్వదు. కాబట్టి షార్ట్ ఉన్నా వైరు కాలదు.

షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది. లేకపోతే ఆ సర్క్యూటులో మామూలు పరికరాలే మిగులుతాయి కాబట్టి మసకగా వెలుగుతుంది, లేదా వెలగదు. ఇప్పుడు ఆ ఫ్యూజు మీద ఏమేమి ఉన్నాయో వైరింగ్ డయాగ్రం చూసి జాబితా రాసుకోండి. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలు చాలావరకు కార్డు ఉన్నవాళ్ళకి కారు రిపేరు డేటాబేసులు ఉచితంగా ఇస్తాయి, డయాగ్రములు అందులో దొరుకుతాయి. తాళం ఆఫ్ చేసి, జాబితాలో ఉన్నవాటి కనెక్టర్లు సగం విప్పండి. తాళం ఆన్ చేసి బల్బు చూడండి. కాంతి తగ్గితే దోషం విప్పిన సగంలో ఉంది. తగ్గకపోతే మిగతా సగంలో ఉంది. ఎనిమిది పరికరాలుంటే మూడు ప్రయత్నాల్లో తేలిపోతుంది. మన బైనరీ సెర్చ్ ఇదే. కాకపోతే కారులో కొన్ని కనెక్టర్లు చేతికి అందవు, కాబట్టి సులువుగా అందేవాటితో మొదలుపెట్టడం మంచిది. అన్నీ విప్పినా బల్బు వెలుగుతూనే ఉంటే దోషం వైర్ల కట్టలోనే ఉంది. అప్పుడు మధ్యలో వచ్చే జాయింట్ కనెక్టర్లు విప్పుతూ ఇదే పని చేయాలి.

ఒక మిత్రుడి కారునే ఉదాహరణగా తీసుకుందాం. పన్నెండేళ్ళ సెడాన్. ఇంజను తిరిగేది, అందుకునేది కాదు. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు మారిస్తే స్టార్టయ్యి, ఫ్రీవే ఎక్కిన పది నిమిషాలకి ఆగిపోయేది. ఒక షాపులో పెట్రోలు పంపు మార్చాలన్నారు. డయాగ్రంలో చూస్తే ఆ ఫ్యూజు మీద పంపు లేనేలేదు. ఉన్నవి రెండు ఆక్సిజన్ సెన్సార్ల హీటర్లు, ఒక క్యామ్‌షాఫ్ట్ సెన్సారు, ఒక వాల్వు. బల్బు పెడితే మసకగానే వెలిగింది. అంటే చల్లగా ఉన్నప్పుడు షార్ట్ లేదు. వైర్ల కట్టని ఒక్కోచోటా చేత్తో కదిలిస్తూ పోతే, కారు కింద వెనక ఆక్సిజన్ సెన్సారు దగ్గర బల్బు ఒక్కసారిగా భగ్గుమంది. వైరుని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, వైరు వెళ్ళి ఎగ్జాస్టు గొట్టం మీద వాలింది. తొడుగు కరిగి రాగి బయటపడింది. కొత్త సెన్సారు, కొత్త క్లిప్పుతో సమస్య తీరింది. పంపు జోలికి పోవలసిన అవసరమే రాలేదు.

ఎక్కడెక్కడ వెతకాలి?

వైర్లు కదిలేచోట, కాలేచోట, తడిసేచోట ముందు చూడండి. ట్రంకు, తలుపుల కీళ్ళ దగ్గర వైర్లు వంగి వంగి తెగుతాయి. ఏసీ కంప్రెసరు క్లచ్చు కాయిల్ లోపల షార్ట్ కావచ్చు. బయట అమర్చుకున్న స్టీరియో, అలారం, రిమోట్ స్టార్టరు, డాష్‌క్యామ్ ఉంటే వాటిని ముందే విప్పి చూడండి. ట్రెయిలరు కనెక్టరు తుప్పుపట్టి ఉండవచ్చు. సిగరెట్ లైటరు సాకెట్లో పడ్డ నాణెం కూడా ఫ్యూజు ఎగరగొడుతుంది.

ఇక ఎలుకలు. 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరు రిలేలో దొరికిన చిమ్మట పురుగుని ఇంజనీర్లు లాగ్‌బుక్కులో అంటించి పెట్టారు. మన కార్లలో బగ్ ఇంకాస్త పెద్దది. చలికాలంలో వెచ్చటి హుడ్ కిందకి ఎలుకలు, ఉడతలు చేరి వైర్లు కొరుకుతాయి. గింజల పొట్టు, దూది ముక్కలు కనిపిస్తే ఆ చుట్టుపక్కలే వెతకండి. ఇలాంటి వైర్లకి చుట్టడానికి హోండా కంపెనీ మిరపకాయల్లోని ఘాటు పదార్థం పట్టించిన టేపు అమ్ముతుంది. గుంటూరు వాళ్ళకి ఈ వైద్యం వింతగా అనిపించదు.

ఎక్కడ ఆగాలి?

పసుపు రంగు కనెక్టర్లు, వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. వాటిమీద బల్బు, మీటరు ప్రయోగాలు చేయకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళలో ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది, వాటి జోలికే పోవద్దు. వైరు కోసి అతికే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. కారు కిందకి దూరవలసివస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టండి, ఎగ్జాస్టు చల్లారేదాకా ఆగండి. ఇంత పని మొదలుపెట్టే ముందే మీ కారు 17 అక్షరాల విన్ నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో రీకాల్ ఉందేమో చూసుకోండి. ఉంటే సాధారణంగా డీలరు ఉచితంగా బాగుచేస్తాడు.

చివరికి మెకానిక్కు దగ్గరికే వెళ్ళవలసి వచ్చినా ఈ శ్రమ వృథా కాదు. "కారు స్టార్ట్ కావట్లేదు" అని తాళం చేతిలో పెడితే వెతకడానికి పట్టే గంటలన్నీ మీ బిల్లులోకే వస్తాయి. దానికి బదులు ఒక కాగితం మీద ఫ్యూజు నంబరు, సైజు, ఎన్నిసార్లు పోయింది, ప్రతిసారీ తాళం ఏ స్థానంలో ఉంది, ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, ఏమేమి విప్పి చూశారు, అన్నీ రాసి ఇవ్వండి. పోయిన ఫ్యూజులు కూడా ఒక కవరులో వేసి దానికి జతచేయండి. మంచి మెకానిక్కు ఆ కాగితం చదివి సగం దారిలోంచి పని మొదలుపెడతాడు. చదవకుండానే ఖరీదైన విడిభాగం పేరు చెబితే, ఆ భాగం ఈ ఫ్యూజు మీద ఉందో లేదో డయాగ్రంలో చూపించమని మర్యాదగా అడగండి.