ఒక్క గ్రే మార్చా, ఓటీపీ లింక్ మాయమైంది: డిజైన్ సిస్టమ్‌లో రంగులు సేఫ్‌గా టెస్ట్ చేయడం ఎలా?

"ఓటీపీ రాలేదురా. మళ్లీ పంపమందామంటే బటన్ కూడా లేదు." ఎండలో, వరండాలో కూర్చుని బిల్లు కడుతూ నాన్న ఫోన్ చేశారు. ఆ సైట్ మా టీమ్‌దే. లింక్ అక్కడే ఉంది. కాకపోతే ఆ వారమే దాని రంగు మార్చింది నేను, అదీ నాకు తెలియకుండానే.

యాప్‌లో, సైట్‌లో వాడే రంగులు, ఫాంట్ సైజులు, బటన్లు అన్నీ ఒకచోట పెట్టుకుని అందరూ అక్కడి నుంచే వాడుకుంటే అదే డిజైన్ సిస్టమ్. అందులో ఒక్కో రంగుకి పెట్టుకునే పేరే టోకెన్. బాక్సుల అంచులు కొంచెం లైట్‌గా ఉంటే బాగుంటుందని మా డిజైనర్ అంటే, గ్రే టోకెన్‌ని #767676 నుంచి #999999కి మార్చా. ఒక్క లైన్ మార్పు. ఆ గ్రేనే ఎవరో ఎప్పుడో ఓటీపీ లింక్‌కి కూడా వాడేశారని చూసుకోలేదు.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద #767676 కాంట్రాస్ట్ 4.54:1. #999999 అయితే 2.85:1 మాత్రమే. డబ్ల్యూసీఏజీ ఏఏ లెవెల్ ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకి, ఐకాన్లకి 3:1 చాలు. ఈ గీత ఎంత సన్నగా ఉంటుందంటే, ఒక్క మెట్టు పైనున్న #777777 కూడా 4.48:1తో ఫెయిల్. అందుకే రంగుని ఒంటరిగా కాదు, దాని వెనక ఉండే రంగుతో కలిపి జంటగా టెస్ట్ చేయాలి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అదే #999999 ముందుకన్నా బాగా కనిపిస్తుంది. నేను చెక్ చేసింది డార్క్ మోడ్‌లోనే, ఖర్మ!

మరి స్క్రీన్‌షాట్ టెస్టులు లేవా అంటారేమో. ఉన్నాయి, అన్నీ పాస్ అయ్యాయి! నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. మేం వాడే ప్లేరైట్‌లో రెండు స్క్రీన్‌షాట్లను పోల్చేటప్పుడు, పిక్సెల్ రంగులో ఎంత తేడా వరకు వదిలేయాలో చెప్పే థ్రెషోల్డ్ ఉంటుంది. డీఫాల్ట్ 0.2. #767676కి, #999999కి మధ్య తేడా ఆ హద్దు లోపలే పడుతుంది. అంటే టూల్ దృష్టిలో ఏమీ మారలేదు. 0.1 పెడితే పట్టుకుంటుంది. రంగులు మార్చే పని ఉన్నప్పుడు నేనిప్పుడు 0 పెట్టి రన్ చేస్తున్నా. ఫెయిల్ అయిన స్క్రీన్లు చాలా వస్తాయి, నిజమే. కానీ చూడాల్సింది మనం అనుకున్న చోట మారిందా అని కాదు, అనుకోని చోట ఏం మారిందా అని.

ఇంకో అలవాటు కూడా మార్చుకున్నా. పాత టోకెన్ విలువని నేరుగా ముట్టుకోను. ముందు కోడ్ మొత్తం వెతికి అది ఎక్కడెక్కడ వాడారో లిస్ట్ తీస్తా. ‘గ్రే 500’ లాంటి పేరు రంగేంటో చెబుతుంది గానీ, పనేంటో చెప్పదు. అందుకే ‘బాక్స్ అంచు’, ‘లింక్ అక్షరం’ అని పనిని బట్టి వేరే టోకెన్లు పెట్టి, కొత్త రంగుని వాటిలో ఒక్కదానికే ఇస్తా. అది కూడా పాత థీమ్ పక్కనే కొత్త థీమ్‌గా, ఒక ఫ్లాగ్ వెనక. ముందు టీమ్‌కి, తర్వాత కొద్దిమంది యూజర్లకి ఆన్ చేస్తాం. తేడా వస్తే ఫ్లాగ్ ఆఫ్ చేస్తే చాలు, కొత్త రిలీజ్ అక్కర్లేదు.

ఇక ఫోన్లు. వివిడ్ మోడ్‌లో ఉన్న ఓలెడ్ స్క్రీన్ మీద ప్రతి రంగూ అందంగానే ఉంటుంది, దాన్ని నమ్మకండి. ఒక పాత ఎల్‌సీడీ ఫోన్ తీసుకుని, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, డాబా మీదకి వెళ్లి చూడండి. ఆండ్రాయిడ్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి కదా, అందులో ‘సిమ్యులేట్ కలర్ స్పేస్’లో మోనోక్రోమసీ పెడితే స్క్రీన్ మొత్తం బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. అప్పుడు కూడా ‘సక్సెస్’, ‘ఫెయిల్డ్’ ఏది ఏదో తెలియాలి. తెలియకపోతే, రంగు తప్ప వేరే గుర్తేదీ మనం పెట్టలేదన్నమాట.

ఓటీపీ లింక్‌కి ఇప్పుడు సొంత టోకెన్ ఉంది. అండర్‌లైన్ కూడా పెట్టాం. బాక్స్ అంచులకి మాత్రం డిజైనర్ అడిగిన లైట్ గ్రే ఇంకా పెండింగే. టైప్ చేసే బాక్స్ ఎక్కడుందో ఆ అంచే చెప్పాలంటే, దానికీ 3:1 కావాలి మరి.