పన్ను రెండుసార్లు పడకుండా: హాస్కెల్‌లో మ్యాప్

సింగపూర్‌లో జీఎస్టీ 2024 జనవరి 1న 8 నుంచి 9 శాతానికి పెరిగింది. మీ బిల్లింగ్ ప్రోగ్రాములో ధరల జాబితా ఉందనుకోండి. లూపు నడిపి ఒక్కో ధరనీ ఉన్నచోటే మార్చేశారు. అదే లూపు పొరపాటున ఇంకోసారి నడిచిందా, 109 డాలర్లు కావలసిన 100 డాలర్ల సరుకు కాస్తా 118.81 అయి కూర్చుంటుంది!

హాస్కెల్‌లో "మ్యాప్ పన్నువేయి ధరలు" అంటే చాలు. 'పన్నువేయి' అనే ఫంక్షన్‌ని ప్రతి ధరకీ వర్తింపజేసి మ్యాప్ కొత్త జాబితా ఇస్తుంది. పాతది చెక్కుచెదరదు. వచ్చిన ఫలితాన్నే మళ్ళీ చేతికిస్తే తప్ప, ఎన్నిసార్లు నడిపినా 109 డాలర్లే.

ఇంకో తమాషా, హాస్కెల్ ఏ విలువనైనా అడిగితేగానీ లెక్కకట్టదు. శుద్ధ బద్ధకం! సింగపూర్‌లోనూ హాస్కెల్ జట్టున్న స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు సొంత మాండలికం 'మ్యూ' మాత్రం అడిగేదాకా ఆగదు, ముందే లెక్క కట్టేస్తుంది.