పాత పికప్‌లో కొత్త స్టీరియో: చిక్కంతా బాడీ ఎర్త్ దగ్గరే

ఖరగ్‌పూర్ స్టేషన్లో ఆగిన విద్యుత్ రైలింజను 25,000 వోల్టుల కరెంటును తలపైనున్న తీగ నుంచి తీసుకుంటుంది. ఆ కరెంటు తిరిగి వెళ్లేది మాత్రం చక్రాల మీదుగా, పట్టాల గుండా. వెళ్లడానికి తీగ, రావడానికి ఇనుము. స్టేషన్ బయట సరుకు కోసం ఎదురుచూసే పాత పికప్ వ్యానులోనూ ఇదే పొదుపు పనిచేస్తుంది. బ్యాటరీ నెగెటివ్ కొసను బండి బాడీకి బిగిస్తారు. హెడ్‌లైటుకైనా హారనుకైనా ఒక్క వైరు లాగితే చాలు, తిరుగుదారి బాడీయే. మెకానిక్కులు దీన్నే 'బాడీ ఎర్త్' అంటారు.

ఖరగ్‌పూర్ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఒడిశా దాటి శ్రీకాకుళం జిల్లాలోకి దిగుతుంది. రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది సొంతూరి దారి. అంత దూరం పాట లేకుండా బండి తోలడం కష్టమే. అందుకే పాత క్యాసెట్ ప్లేయర్ పీకేసి, బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న స్టీరియో పెట్టించుకుంటారు. కొన్నిసార్లు ఆ కొత్త సెట్టు ఆన్ చేయగానే ఆరిపోతుంది, లేదా లోపలి చిప్పు కాలిపోతుంది. సరుకు మంచిది కాదని దుకాణదారును తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు కారణం పాత వైరింగే.

పాత బండ్లలో చాలావాటికి స్పీకర్లను కూడా హెడ్‌లైటు పద్ధతిలోనే కలిపేవారు: పాజిటివ్‌కు ఒక వైరు, నెగెటివ్ బాడీకి. అప్పటి ఆంప్లిఫయర్ స్పీకరును ఒక కొస నుంచే ఊపేది. 14 వోల్టుల సరఫరాలో అది అటూ ఇటూ 7 వోల్టులకు మించి ఊగలేదు. సగటున 5 వోల్టులు అనుకుంటే 4 ఓమ్‌ల స్పీకరులో పుట్టేది సుమారు 6 వాట్లు. ఇంజను రొదలో అదెంతని!

వోల్టేజి పెంచకుండా శక్తి పెంచడానికి ఇంజనీర్లు వాడిన ఉపాయం దూలాలు కోసే రంపం లాంటిది. ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు, ఒకరు లాగినప్పుడు రెండోవారు వదులుతారు. కొత్త స్టీరియోలో ఒక్కో స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. ఒక కొస పైకి పోతుంటే రెండో కొస కిందికి వస్తుంది. స్పీకరుకు అందే వోల్టేజి రెట్టింపై 10 వోల్టులవుతుంది. శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 6 వాట్లు కాస్తా 25 అవుతాయి. దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు.

దీని ఫలితం ఒకటుంది. స్పీకరు నెగెటివ్ అని రాసి ఉన్న వైరు నిజానికి ఎర్త్ కాదు. పాట లేనప్పుడు కూడా రెండు కొసలూ బ్యాటరీ వోల్టేజిలో సగం దగ్గర, అంటే 6-7 వోల్టుల వద్ద నిలబడి ఉంటాయి. రెండూ సమానం కాబట్టి స్పీకరులో కరెంటు పారదు. అందులో ఒక కొసను బాడీకి తగిలిస్తే ఆ ఆంప్లిఫయర్ నేరుగా షార్ట్ అయినట్టే. రెండు స్పీకర్ల నెగెటివ్‌లను ఒకే వైరుకు ముడివేసినా ముప్పే.

పరీక్ష సులభం. స్టీరియో కలపక ముందే మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి, ఒక్కో స్పీకరు వైరుకూ బాడీకీ మధ్య చూడాలి. ఏ అంకె కనిపించినా ఆ వైరింగు పనికిరాదు. స్పీకరు రెండు కొసల మధ్య మాత్రం మూడు నాలుగు ఓమ్‌లు చూపాలి. పాత వైరును సరిచేసే ప్రయత్నం కన్నా ఒక్కో స్పీకరుకు కొత్తగా జంట వైరు లాగడమే నయం. గడియారం సెల్లును ఒక్క క్షణం తాకిస్తే ఏ కొస పాజిటివో తేలుతుంది: సరిగా తాకితే కోన్ బయటికి కదులుతుంది. ఒక స్పీకరు తిరగబడి ఉంటే రెండింటి బేస్ ఒకదాన్నొకటి మింగేస్తుంది.

స్టీరియో వెనుక పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులుండాలి, ఎరుపుకు తాళం తిప్పినప్పుడే రావాలి, నలుపు ఎర్త్. బయట దొరికే సెట్లలో ఈ రంగులే ఎక్కువ. బండి వైపు రంగులను మాత్రం నమ్మకూడదు, మీటరునే నమ్మాలి. పసుపు వైరును నేరుగా బ్యాటరీ నుంచి తెస్తే ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. దారిలో వైరు ఒరిసి బాడీకి తగిలితే వందల ఆంపియర్లు పారి నిప్పు పుడుతుంది.

డబ్బా మీది '50 వాట్లు × 4' సంగతీ ఆ ఫ్యూజే చెబుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు, 14.4 వోల్టులు: సెట్టు నిలకడగా తీసుకోగలిగేది మొత్తం 144 వాట్లు. అందులోంచి 200 వాట్ల పాట ఎలా వస్తుంది?

అన్నీ సరిగా కలిపాక కూడా యాక్సిలరేటర్ తొక్కితే కూత వినిపించవచ్చు. అది ఆల్టర్నేటర్ గొంతు. 12 ధ్రువాల ఆల్టర్నేటర్ సెకనుకు 50 చుట్లు తిరిగితే 300 హెర్ట్జ్ విద్యుత్తు పుడుతుంది. మూడు ఫేజులను ఆరు డయోడ్లు ఏకముఖం చేశాక మిగిలే అలలు సెకనుకు 1,800. మన చెవి బాగా పట్టుకునే శ్రుతి అది. నలుపు వైరును రంగు, తుప్పు గీకిన శుభ్రమైన లోహానికి బిగించి చూడాలి. ఫోను చార్జింగు వైరు తీయగానే కూత ఆగితే, ఆక్స్ వైరూ చార్జరూ కలిసి ఎర్త్‌కు రెండు దారులు వేశాయన్నమాట. బ్లూటూత్‌కు మారితే ఆ రెండో దారి ఉండదు.