అన్ని దగ్గులూ మిల్లు దగ్గులు కావు

మన ఉడుమలైపేట మిల్లు ఇళ్లలో దగ్గుకు ఎవరూ భయపడరు. పంజు దుమ్ము మింగినాము గదా అని ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకొని షిఫ్టుకు పోతాము. వారం సెలవు ముగిసి పనికి పోయిన మొదటి రోజు ఎద బిగిస్తే అది పంజు దుమ్ము జబ్బు. డాక్టర్లు బిసినోసిస్ అంటారు, పాత ఫ్యాక్టరీల చట్టంలో కూడా ఆ పేరు ఉండేది. నాకు వచ్చింది అది కాదు, ఊపిరితిత్తుల క్యాన్సర్. రెండిటికీ కలిపి ‘మిల్లు దగ్గు’ అని ఒకే పేరు పెట్టుకున్నాము, అందుకే ఇది రాస్తున్నాను.

ఇరవై రెండేళ్లు స్పిన్నింగులో ఉన్నాను. బీడీ, పొగాకు ముట్టింది లేదు. మొదట గొంతు బొంగురుపోయింది. రింగ్‌ఫ్రేముల చప్పుడులో అందరమూ అరిచే గదా మాట్లాడేది, ఎవరికి తెలుస్తుంది? తరువాత జాకెట్లు వదులైనాయి. ఎక్స్‌రేలో మచ్చ చూసి ఒక చోట టీబీ మందులిచ్చినారు. కళ్లెలో క్రిమి కనబడలేదు, అయినా ఇచ్చినారు. మూత్రం నారింజ రంగుకు మారింది, దగ్గు మాత్రం మారలేదు. అట్లా మూడు నెలలు పోయినాయి. టీబీ, క్యాన్సర్ రెండూ ఎక్స్‌రేలో ఒకే మాదిరి కనబడవచ్చునని కోయంబత్తూరు డాక్టరమ్మ తరువాత చెప్పింది.

అక్కడ సీటీ బల్ల మీదనే పడుకోబెట్టి వీపులోనుంచి సూదితో చిన్న ముక్క తీసినారు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు దగ్గు రాకుండా ఉండాల, అదే కష్టం. క్యాన్సరే అని తేలింది. ఎముకకు పాకింది, నాలుగో దశ. ఆ మాట ముందు మా ఆయనకు చెప్పబోయినారు. “నాకే చెప్పండమ్మా, మందు మింగేది నేను గదా” అన్నాను.

ఆ ముక్కను జీన్ పరీక్షకు కూడా పంపుతారు. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. పొగతాగనివాళ్లకు ఎక్కువగా వచ్చే రకం అడినోకార్సినోమా. మన దేశంలో అది వచ్చినవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉంటుంది. ఉంటే కీమో సూదికి బదులు రోజుకొక మాత్ర ఇవ్వవచ్చు. రిపోర్టుకు రెండు వారాలు పట్టింది. “ఇంకా మందు మొదలుపెట్టలేదా” అని చుట్టాలు ఒకటే పోరు. ఆగినందుకే మాత్ర దొరికింది.

మాత్ర అంటే సులభమనుకోవద్దు. ముఖమంతా పొక్కులు, విరేచనాలు, గోళ్ల పక్కన చీము. “అవ్వకు అమ్మవారు పోసిందా” అని మా మనవరాలు అడిగింది. నేను మింగే మాత్రతో కడుపు మంట మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. కీమో ఎక్కించుకునేవాళ్లకైతే జ్వరం 100.4 డిగ్రీలు చేరితే తెల్లవారేదాకా ఆగరాదు, రాత్రే ఆస్పత్రికి పోవాల.

ఖర్చు సంగతి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు సింగానల్లూరులో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. రెండేళ్లు విడవకుండా పనిలో ఉండి చందా కట్టినవాళ్లకు, క్యాన్సర్‌తో కలిపి 34 దీర్ఘ జబ్బులకు, కూలిలో 80 శాతం రెండేళ్ల దాకా వస్తుంది. అడిగితేనే వస్తుంది, ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. ఈఎస్ఐ లేని పేద కుటుంబాలకు ముఖ్యమంత్రి బీమా కార్డు, ఏడాదికి 5 లక్షల దాకా.

మిల్లు వల్లనే వచ్చిందా అని అందరూ అడుగుతారు. పంజు దుమ్ము ఊపిరిని చెడుపుతుంది, నిజమే. కానీ షాంఘైలో రెండున్నర లక్షలకు పైగా మిల్లు ఆడవాళ్లను ఏళ్ల తరబడి చూసిన పరిశోధనలో పత్తి దుమ్ముతో ఈ క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. కట్టెల పొయ్యి పొగ కారణం కావచ్చంటారు. నా విషయంలో ఇదీ అని ఎవరూ చెప్పలేదు. “నీ మగడు బీడీ తాగుతాడా” అని మా ఆయన ముందరే అడిగేవాళ్లున్నారు. ఆయన తాగడు. ఆ ప్రశ్న నాకు పొక్కులకంటే మంట.

పదమూడు నెలలైంది. మూడు నెలలకొకసారి పొల్లాచ్చి మీదుగా బస్సులో స్కాన్‌కు పోతాము. మచ్చ సగానికి తగ్గింది. పూర్తిగా పోదు, ఈ మాత్ర కూడా ఒకనాటికి పనిచేయడం మానుతుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అప్పుడు మళ్లీ పరీక్ష, వేరే మందు.

పోయిన వారం నాతో పనిచేసిన చెల్లెలొకతె దగ్గుతూ వచ్చింది. ఐదు వారాలుగా ఉందట. “బెల్లం తింటున్నానక్కా” అన్నది. మరునాడే పిలుచుకొనిపోయి కళ్లె పరీక్ష ఇప్పించినాను. సీటీ వచ్చే బుధవారం.