జీవశాస్త్రములందు పైచదువు – రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

మన సంఘ సభ్యులలో అనేకుల బిడ్డలు ఇంటరులో జీవశాస్త్రములు చదివి, వైద్య కళాశాలలో స్థానము దొరకక, బి.ఎస్‌సి.లో చేరి ఉత్తీర్ణులగుచున్నారు. ఆ పిమ్మట ఇంటింట నొక ప్రశ్న పుట్టుచున్నది. ఇంతటితో చదువు చాలింపవలయునా, లేక విశ్వవిద్యాలయమునకు పంపి ఎమ్.ఎస్‌సి. చదివింపవలయునా? “డాక్టరు కాని చదువు దండుగ” యని కొందఱందురు. “పొలము తాకట్టు పెట్టియైనను చదివింతుము” అని మఱికొందఱందురు. మా యభిప్రాయమున ఈ రెండును తొందరపాటు మాటలే. ఆ చదువెట్టిదో, దానికెంత కాలము పట్టునో, దానివలన ఒనగూడునదేమో ముందుగా నెఱిగి, పిమ్మట నిర్ణయించుకొనుట గృహస్థునకు శ్రేయస్కరము. విత్తనమును చేతబట్టి చూడక మడిలో చల్లు రైతు లేడు గదా!

మన తోటలోని యుదాహరణము

కలువాయి చుట్టుపట్ల నిమ్మతోటలు గలవారందఱికిని గజ్జి తెగులు తెలియును. ఆకులమీదను, రెమ్మలమీదను, కాయలమీదను గరుకైన గోధుమరంగు మచ్చలేర్పడి, వాని చుట్టును పసుపు వలయము కనబడును. లోపల రసము బాగుగనే యున్నను, పైతోలు చెడుటచే బజారున ధర పడిపోవును. వరి పండించువారికి ఎండాకు తెగులు తెలియును. ఆకు కొననుండి అంచుల వెంబడి పసుపువన్నె దిగివచ్చి, తుదకు ఆకు ఎండుగడ్డివలె నగును. ఈ రెండు తెగుళ్లకును చుట్టరికము కలదని మనకు తోచదు. కాని రెండింటికిని కారణమైనవి జాంథోమోనాస్ అను ఒకే ప్రజాతికి చెందిన బాక్టీరియాలే. నిమ్మకు పట్టునది యొక జాతి, వరికి పట్టునది వేఱొక జాతి.

ఈ జ్ఞానమువలన రైతునకు లాభమేమి యని మీరడుగవచ్చును. బూజు జాతి తెగుళ్లను చంపుటకై చేసిన మందులలో అనేకములు బాక్టీరియాను ఏమియు చేయజాలవు. ఆకుపై మచ్చ కనబడగానే దుకాణదారు చేతికిచ్చిన మందు చల్లినచో, తెగులు నిలువదు, డబ్బు నిలువదు. వరిలో నున్నది ఏ తెగులో ఇంటనే పరీక్షించుకొనవచ్చును. ఎండిన భాగమునకును పచ్చని భాగమునకును నడుమ ఆకును చిన్న ముక్కగా కత్తిరించి, గాజుగ్లాసులోని తేటనీటియందుంచి, కొన్ని నిమిషములు కదల్పక, వెలుతురున కెదురుగా చూడుడు. కోసిన అంచునుండి పాలవంటి ధార నీటిలోనికి జాఱినచో అది బాక్టీరియా పనియే. ఇంత సులభమైన పరీక్ష వెనుక, సూక్ష్మదర్శినిముందు ఏండ్ల తరబడి కూర్చుండిన జీవశాస్త్ర విద్యార్థుల శ్రమ యున్నది.

సాంబ మసూరి సంగతి

బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఎఱుగని రైతు మనలో లేడు. గింజ సన్నము, అన్నము రుచికరము, బజారున గిరాకి యెక్కువ. కాని ఎండాకు తెగులునకు అది సులభముగా లొంగిపోవును. ఆ లోపమును దిద్దుటకు హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయమువారును, కణజీవశాస్త్ర పరిశోధనా సంస్థయగు సి.సి.ఎమ్.బి.వారును కలిసి పనిచేసిరి. తెగులును తట్టుకొను మూడు జన్యువులు గల వరిరకమును సాంబ మసూరితో సంకరము చేసిరి. పుట్టిన సంతతిని మరల మరల, నాలుగు మార్లు, సాంబ మసూరితోనే కలిపిరి. ప్రతి తరమునందును లేతమొక్క ఆకునుండి చిన్న ముక్క తీసి, అందలి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, కావలసిన జన్యువులున్న మొక్కలను మాత్రమే నిలిపిరి. తెగులు వచ్చువఱకు వేచియుండ నక్కఱలేకపోయెను. 2008లో విడుదలయైన మెరుగుపఱచిన సాంబ మసూరి ఇట్లు పుట్టినదే. గింజ గుణము పోలేదు, తెగులును తట్టుకొను శక్తి వచ్చినది.

ఆ మూడు జన్యువులలో నొకటి ఆఫ్రికా ఖండమునందలి మాలీ దేశపు అడవివరి నుండి వచ్చినదన్న ఆశ్చర్యపడుదుము. ఎవరును పైరుగా సాగుచేయని ఆ గడ్డియందు ఇట్టి శక్తి దాగియున్నదని కనుగొనుట, దానిని సాగువరిలోనికి తెచ్చుట, 1995లో ఆ జన్యువును విడదీసి దాని స్వరూపము నెఱుగుట – ఇవన్నియు పలు దేశములలోని వృక్షశాస్త్ర, జన్యుశాస్త్ర, సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకులు ఒకరి వెనుక నొకరు చేసిన పనులు. ఎమ్.ఎస్‌సి., పి.హెచ్‌డి. యను పట్టములు ఇట్టి పనికి చేతులను సిద్ధపఱచునవి.

డాక్టరు కాని చదువు

“డాక్టరు కాని చదువు దండుగ” యనువారికి మఱియొక నిదర్శనము చెప్పెదము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యము చదివినవారే. అయినను రోగులను చూచు వృత్తియందు నిలువక, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రము చదివి, 1930లో పి.హెచ్‌డి. పొందిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లోనే ప్రకటించిరి. పిమ్మట లెడర్లీ అను ఔషధసంస్థలో పరిశోధనలకు నాయకులై యుండగా, వారి యాజమాన్యమున డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు దివంగతులైరి.

ఆ డగ్గర్ వైద్యుడు కాడు. మొక్కల తెగుళ్లను చదివిన వృక్షశాస్త్రజ్ఞుడు. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులకు ఆరియోమైసినే మొదటిది. మన నెల్లూరు జాతి గొఱ్ఱెకు జబ్బుచేసినపుడు పశువైద్యుడు సూదివేయు ఆక్సీటెట్రాసైక్లిన్ ఆ కుటుంబములోనిదే. జోడిపి యైనను, పల్ల యైనను, డోర యైనను, మన మంద బ్రదుకుటలో ఒక వృక్షశాస్త్రజ్ఞుని పాలు కలదన్నమాట.

చదువు దారులు

ఇచ్చట తల్లిదండ్రులు తఱచుగా పొరబడు సంగతి యొకటి కలదు. వ్యవసాయాధికారి యుద్యోగము కోరువారు చదువవలసినది వ్యవసాయ బి.ఎస్‌సి. దానికి ఇంటరు పిమ్మటనే ప్రవేశపరీక్ష వ్రాసి, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కళాశాలలలో చేరవలయును. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము ప్రధానముగా మామూలు బి.ఎస్‌సి. చదివినవారికి ఆ దారి వేఱు, ఈ దారి వేఱు. ఈ భేదమును ఇంటరు చదువు నాడే బిడ్డలకు తెలుపుట మంచిది.

మామూలు బి.ఎస్‌సి. ముగించినవారు వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, జీవసాంకేతికము మొదలగు వానిలో నొకదానియందు ఎమ్.ఎస్‌సి. చదువవచ్చును. సాధారణముగా రెండు సంవత్సరములు, నాలుగు అర్ధవార్షిక భాగములు. కణ నిర్మాణము, వంశపారంపర్యము, దేహవ్యాపారములు, గణాంకశాస్త్రము పాఠములుగా నుండును. తుది భాగమున పెక్కుచోట్ల విద్యార్థి తానే యొక చిన్న పరిశోధన చేసి నివేదిక వ్రాయవలయును. నెల్లూరునందు 2008లో నెలకొల్పబడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమును, తిరుపతిలో 1954 నుండి యున్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును మనకు చేరువలోనివి. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు ఏ.పి. పి.జి.సెట్ అను ఒకే ప్రవేశపరీక్ష కలదు. ఇంటరు ముగించిన తెలివైన బిడ్డలకు మఱియొక దారియు కలదు. 2015లో స్థాపింపబడి, ఏర్పేడువద్ద నెలకొన్న తిరుపతి ఐసర్ నందు ఐదేండ్ల చదువు ఒకేచోట సాగి రెండు పట్టములును లభించును.

పి.హెచ్‌డి. యనునది తరగతిగదిలో ముగియు చదువు కాదు. ఒక ప్రశ్నను చేపట్టి, గురువు పర్యవేక్షణమున, దానికి క్రొత్త సమాధానమును కనుగొనవలయును. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022లో చేసిన నియమముల ప్రకారము దీనికి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆఱేండ్లు. స్త్రీలకు మఱి రెండేండ్ల వెసులుబాటును, 240 దినములవఱకు ప్రసూతి సెలవును కలవు. కావున “పెండ్లియైనచో చదువు ఆగిపోవు”నను భయముతో ఆడపిల్లను మొదటనే ఆపవలసిన పనిలేదు.

ధనము విషయము

ఇది మన సంఘమునకు మిక్కిలి సంబంధించిన మాట. పంట పెట్టుబడికై తీసికొన్న ఋణమును చదువు ఖర్చునకు మళ్లింపరాదని మా గట్టి మనవి. పంట ఋణమును గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వము వడ్డీలో 3 శాతము రాయితీ నిచ్చుచున్నది. గడువు దాటినచో ఆ రాయితీ పోవును, మఱుసటి పంటకు పెట్టుబడి పుట్టదు. పంట ఆఱు నెలలలో చేతికివచ్చును, చదువు ఫలించుటకు ఆఱేండ్లైనను పట్టవచ్చును. ఆఱు నెలల అప్పుతో ఆఱేండ్ల పనిని మోయుట సాధ్యము కాదు.

చదువునకు వేఱుగ విద్యా ఋణములున్నవి. కేంద్రప్రభుత్వపు హామీ నిధి క్రింద 7,50,000 రూపాయలవఱకు ఆస్తి తాకట్టు లేకయే బ్యాంకులు ఈయవచ్చును. సాధారణముగా చదువు ముగిసి ఒక సంవత్సరము గడచిన పిమ్మటనే వాయిదాలు మొదలగును. పొలము పత్రము పట్టుకొని ప్రైవేటు వడ్డీవ్యాపారి గడప త్రొక్కుటకు ముందు బ్యాంకు గడప త్రొక్కుడు.

పి.హెచ్‌డి. సంగతి వేఱు. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి.వారు కలిసి జరుపు నెట్ పరీక్షలో జీవశాస్త్రములు ఒక విభాగము. అందు పరిశోధక వేతనమునకు ఎంపికయైనవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు చొప్పున నిర్ణయింపబడినది. ఈ పరీక్షలో నెగ్గిన బిడ్డ తల్లిదండ్రులకు భారము కాదు. కాని పోటీ కఠినము. ప్రశ్నపత్రము తెలుగులో నుండదు. తెలుగు మాధ్యమమున చదివిన మన పిల్లలు బి.ఎస్‌సి. మొదటి యేటినుండియే శాస్త్రపుస్తకములను ఇంగ్లీషులో చదువు అలవాటు చేసికొనవలయును.

కళాశాల నెన్నుకొనుట

ఎమ్.ఎస్‌సి. యని బల్ల కట్టినచోటనెల్ల చదువుండదు. గేదెను కొనువాడు పాలు పితికి చూచి కొనును. అట్లే చేరుటకు ముందు తండ్రియు బిడ్డయు కలిసిపోయి కొన్ని ప్రశ్నలడుగవలయును. ప్రయోగశాల తెఱచియున్నదా, తాళము వేసియున్నదా? ఒక్కొక్క సూక్ష్మదర్శినికి విద్యార్థులెందఱు? స్థిరముగా పనిచేయు అధ్యాపకులెందఱు? తుది భాగపు పరిశోధన తామే చేయుదురా, పాత నివేదికను నకలు వ్రాయుదురా? గత మూడేండ్లలో నెట్ నందు నెగ్గినవారెందఱు? ఈ ప్రశ్నలకు సూటియైన జవాబు రానిచోట డబ్బు కట్టకుడు.

మఱియు నిజము దాచక చెప్పవలయును. చేతిపని రాని ఎమ్.ఎస్‌సి. పట్టమునకు ఉద్యోగములు తక్కువ. చేతిపని వచ్చినవారికి బోధన, విత్తన సంస్థలు, ఔషధ పరిశ్రమలు, రొయ్యల చెఱువుల వ్యాధి పరీక్షాశాలలు, భూసార పరీక్షాశాలలు మొదలగుచోట్ల అవకాశములు కలవు. బిడ్డకు ప్రశ్నించు బుద్ధి, ఓర్పు ఉన్నచో ఈ చదువు తగును. ఇరుగుపొరుగువారు పంపిరి గనుక పంపుట తగదు.

మా విన్నపము

బి.ఎస్‌సి., ఎమ్.ఎస్‌సి. చదువుచున్న మన సభ్యుల బిడ్డలు సెలవులలో వచ్చినపుడు, ఒక సాయంకాలము సంఘ కార్యాలయమునకు రావలయునని కోరుచున్నాము. పైని చెప్పిన గ్లాసు పరీక్షను వారే రైతులకు చేసి చూపుదురుగాక. వారి చదువు మనకు పనికివచ్చునదని పెద్దలు కన్నులార చూతురు, తాము చదువుచున్నది దేనికో పిల్లలకును తెలియును. ఈ యేడు పైచదువునకు పంపదలచిన తల్లిదండ్రులు, ఏ ఋణపత్రముమీదనైనను వ్రేలిముద్ర వేయుటకు ముందు, కళాశాల వివరముల పుస్తకమును తీసికొని మాయొద్దకు రండు. కలిసి చదివి, లెక్క చూచి, పిమ్మట నిర్ణయింతము.