ఇంటికి పెద్ద మానిటర్ కొంటున్నారా? అంగుళాల కంటే ముందు చూడాల్సినవి



పగలు మీ ఆఫీసు పని, సాయంత్రం పిల్లల ప్రాజెక్టు వర్క్, ఆదివారం కాసేపు గేమ్. చాలా ఇళ్లలో ఇవన్నీ 14, 15 అంగుళాల లాప్‌టాప్ మీదే జరుగుతున్నాయి. పెద్దవాళ్లకు మెడ నొప్పి, పిల్లలకు స్క్రీన్‌కు మరీ దగ్గరగా కూర్చునే అలవాటు. అందుకే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, "పెద్ద మానిటర్ కొందామనుకుంటున్నాం, ఏది మంచిది?" అని అడిగే పేరెంట్స్ పెరిగారు.

మంచి ఆలోచనే. లాప్‌టాప్ మార్చినా మానిటర్ అదే ఉంటుంది. చాలా ఏళ్లు వాడుకోవచ్చు. కానీ తప్పుగా ఎంచుకుంటే అన్నేళ్లూ ఇబ్బందే. డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టనక్కర్లేదు అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి ఇక్కడ రేట్లు రాయడం లేదు.

సైజు ఒక్కటే చూడకండి

మానిటర్ సైజు అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత. ఆ స్క్రీన్ మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలతో, అంటే పిక్సెల్స్‌తో తయారవుతుంది. షాపులో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఫుల్ హెచ్‌డీ: 1920 × 1080, దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్.
క్యూహెచ్‌డీ: 2560 × 1440, దాదాపు 36.9 లక్షలు. దీన్నే షాపుల్లో 2కె అంటుంటారు.
4కె: 3840 × 2160, దాదాపు 83 లక్షలు.

ఒకే ముద్ద పిండితో చిన్న చపాతీ చేయొచ్చు, పెద్ద చపాతీ చేయొచ్చు. పెద్దది చేస్తే పలచబడుతుంది. మానిటర్ కూడా అంతే. ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల మీద ఉంటే అంగుళానికి 92 పిక్సెల్స్ వస్తాయి. అదే 27 అంగుళాలైతే 82, 32 అంగుళాలైతే 69 మాత్రమే. క్యూహెచ్‌డీ 27 అంగుళాల మీద 109, 32 మీద 92. 4కె 32 అంగుళాల మీద 138.

రెండడుగుల దూరంలో కూర్చుని చదవడానికి అంగుళానికి 90 పిక్సెల్స్ దాటితే సరిపోతుంది. 110 దగ్గరైతే ఇంకా హాయిగా ఉంటుంది. 80 కంటే తగ్గితే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. మన తెలుగులో ఇది ఇంకా త్వరగా తెలిసిపోతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా, కింద వచ్చే ఒత్తులు చాలా చిన్న చోటులో ఇమడాలి కదా. రోజంతా ఎక్సెల్ షీట్లు చూసే అమ్మకు, తెలుగు పాఠం పీడీఎఫ్ చదివే పాపకు ముందు కావాల్సింది స్పష్టమైన అక్షరమే.

కాబట్టి తక్కువ ధరకు 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ చూపిస్తే తొందరపడకండి. సినిమాకు బాగుంటుంది, చదవడానికి కాదు.

టేబుల్ కొలిచాకే షాపుకు వెళ్లండి

27 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. 32 అంగుళాలది 71 సెంటీమీటర్లు. కంటికి, స్క్రీన్‌కు మధ్య కనీసం ఒక చేయి చాచినంత దూరం ఉండాలి. మీ టేబుల్ లోతు 60 సెంటీమీటర్లు అయితే 27 అంగుళాలు చక్కగా సరిపోతుంది. 75 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే 32 గురించి ఆలోచించొచ్చు. దగ్గరగా కూర్చుని 32 అంగుళాల మీద పనిచేస్తే ఈ మూల నుంచి ఆ మూలకు తల తిప్పుతూనే ఉండాలి.

స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులోనో, కొంచెం కిందనో ఉండాలి. తక్కువ ధర మానిటర్ల స్టాండ్లు చాలావరకు ముందుకు వెనక్కి వంగుతాయి గానీ ఎత్తు మారవు. నాన్న, ఆరో తరగతి బాబు ఒకే మానిటర్ వాడే ఇంట్లో ఎత్తు మార్చుకునే స్టాండ్ చాలా అవసరం. అది లేకపోతే వెనుక వెసా మౌంట్ రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే తర్వాతైనా మానిటర్ ఆర్మ్ బిగించుకోవచ్చు. టేబుల్ మీద చోటు కూడా మిగులుతుంది.

"డాడీ, 144 హెర్ట్జ్ కావాలి!"

ఈ మాట మీ ఇంట్లో ఇప్పటికే విని ఉంటారు. హెర్ట్జ్ అంటే సెకనుకు స్క్రీన్ ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపగలదో చెప్పే లెక్క. 60 హెర్ట్జ్ అంటే 60 సార్లు. ఆఫీసు పనికి అది చాలు. వేగంగా కదిలే గేముల్లో 120, 144 ఉంటే కదలిక నున్నగా కనిపిస్తుంది. పిల్లలు చెప్పేది నిజమే.

కానీ అన్ని బొమ్మలు తయారుచేయాల్సింది కంప్యూటర్. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్ పెద్ద గేముల్లో సెకనుకు 144 బొమ్మలు ఇవ్వలేదు. ప్లేస్టేషన్ 5 అయితే గరిష్ఠంగా 120 ఇస్తుంది. దానికోసమే కొనేవాళ్లు 165, 180 హెర్ట్జ్‌కు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ప్లేస్టేషన్ 5కు 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో క్యూహెచ్‌డీ సపోర్టు వచ్చింది కాబట్టి ఆ మానిటర్ దానికీ పనికొస్తుంది. 4కెలో 120 హెర్ట్జ్ కావాలంటే మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న మానిటరే తీసుకోవాలి.

ఇంకో విషయం. క్యూహెచ్‌డీ కంటే 4కెలో రెండుంపావు రెట్లు ఎక్కువ పిక్సెల్స్ ఉంటాయి. గేమ్ 4కెలో సాఫీగా నడవాలంటే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. మానిటర్‌తో మొదలైన ఖర్చు కంప్యూటర్ దాకా వెళ్తుంది. పనికీ గేముకూ ఒకే మానిటర్ కావాలనుకునే ఎక్కువమందికి 27 అంగుళాల క్యూహెచ్‌డీ సరిపోతుందని నేను చెప్పేది అందుకే.

డబ్బా మీది మాటలు

ఐపీఎస్, వీఏ, టీఎన్ అని మూడు రకాల ప్యానెళ్లు ఉంటాయి. ఐపీఎస్‌లో పక్క నుంచి చూసినా రంగు మారదు. పిల్లల పక్కన కూర్చుని చెప్పేటప్పుడు ఇది ముఖ్యం. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమాకు బాగుంటుంది. కానీ కొన్నింటిలో చీకటి సీన్లలో కదిలే బొమ్మ వెనుక మరక లాగినట్టు కనిపిస్తుంది. పాత రకం టీఎన్‌లో కొంచెం పక్కకు జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఇంటికి ఐపీఎస్ మంచిది.

"1 ఎంఎస్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, అది జీటీజీయా ఎంపీఆర్‌టీయా అని అడగండి. రెండూ వేర్వేరు లెక్కలు. ఎంపీఆర్‌టీ అంకె సాధించడానికి చాలా మానిటర్లు వెనుక లైటును ఆర్పి వెలిగిస్తాయి, స్క్రీన్ వెలుతురు తగ్గుతుంది. అలాగే "హెచ్‌డీఆర్" స్టిక్కర్ ఉన్నంత మాత్రాన సినిమా హాలు వెలుగులు రావు. తక్కువ ధర మానిటర్లలో ఆ సిగ్నల్ అందుకోగలదని మాత్రమే దాని అర్థం.

"ఇంట్లో ఉన్న టీవీ వాడొచ్చా?" అని కూడా అడుగుతుంటారు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలు చాలావరకు 1366 × 768. అంటే అంగుళానికి 49 పిక్సెల్స్. హాల్లో దూరం నుంచి చూడటానికి చాలు, టేబుల్ మీద పెట్టుకుని చదవడానికి పనికిరాదు.

కొనే రోజు

ముందు మీ లాప్‌టాప్‌కు ఏ పోర్టులు ఉన్నాయో చూసుకోండి. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత లాప్‌టాప్ 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద కూడా జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. "పెద్ద సైజుకు పన్ను ఎక్కువ సార్" అని ఎవరైనా అంటే బిల్లులో శాతం చూడండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్‌కు వెళ్లగలిగితే మీ లాప్‌టాప్ తీసుకెళ్లి కలిపి చూడండి. ఒక తెలుగు పేజీ తెరిచి రెండడుగుల దూరం నుంచి చదవండి. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే తెల్లని, నల్లని, ఎర్రని బొమ్మలు స్క్రీన్ నిండా పెట్టి చూడండి. చనిపోయిన పిక్సెల్ ఉంటే చుక్కలా బయటపడుతుంది. ఎన్ని ఉంటే మారుస్తారో, వారంటీలో మనిషి ఇంటికి వస్తాడో లేదో కొనేముందే అడగండి. రిటర్న్ గడువు దాటేదాకా డబ్బా, థర్మోకోల్ పారేయకండి.

ఎక్కడ పెడతారు?

టీచర్‌గా నా విన్నపం ఒకటే. మానిటర్‌ను పిల్లల గదిలో కాకుండా హాల్లోనో, అందరూ తిరిగే చోటనో పెట్టండి. తలుపు వేసుకుని ఫోన్‌లో ఆడే గేమ్ కంటే, అందరి ముందూ పెద్ద స్క్రీన్ మీద టైము పెట్టుకుని ఆడే గేమ్ నయం. ఎవరితో ఆడుతున్నారో, ఏం ఆడుతున్నారో మీకూ కనిపిస్తుంది. కిటికీ వెలుతురు నేరుగా స్క్రీన్ మీద పడకుండా చూడండి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడటం మీరూ పాటించండి. మిమ్మల్ని చూసే పిల్లలు నేర్చుకుంటారు.

కొనేముందు మీ బాబుకో పాపకో ఒక లెక్క ఇవ్వండి. 1920ని 1920తో, 1080ని 1080తో గుణించి, రెండూ కలిపి వర్గమూలం కట్టమనండి. దాదాపు 2203 వస్తుంది. దాన్ని మానిటర్ అంగుళాలతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెల్సో తెలిసిపోతుంది. హైస్కూల్ పిల్లలు క్లాసులో చదివే పైథాగరస్ సిద్ధాంతమే ఇది. షాపులో మీకు నచ్చిన రెండు మూడు మోడళ్లకు ఈ లెక్క వాళ్లనే కట్టమనండి. మీ డబ్బు సరైన మానిటర్‌కు వెళ్తుంది, వాళ్లకు లెక్క ఎందుకు నేర్చుకుంటున్నామో తెలుస్తుంది.