భూగర్భ జల నమూనాలలో ఎడిట్ ఆదేశాల వినియోగం – పాటించవలసిన జాగ్రత్తలు

తెలంగాణలోను, రాయలసీమలోను బోరుబావులు అధికభాగం గ్రానైటు, నీస్ వంటి గట్టి శిలలపై ఆధారపడి ఉన్నాయి. ఈ శిలలలో నీరు ప్రధానంగా పైనున్న శిథిల పొరలోను, దాని దిగువనున్న పగుళ్ల పొరలోను నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లతో పాటు నీటి లభ్యత కూడా తగ్గుతుంది. ఇటువంటి ప్రాంతాలలో రబీలో ఎన్ని ఎకరాల వరికి నీరు సరిపోతుంది, ఎంత విస్తీర్ణాన్ని ఆరుతడి పంటలకు మళ్లించాలి అనే ప్రశ్నలకు సమాధానం వెదకడంలో భూగర్భ జల నమూనాలు తోడ్పడతాయి. నమూనా ఇచ్చే సమాధానం దానిలో పొందుపరచిన విలువల నాణ్యతను మించి ఉండదు. ఆ విలువలు ఎక్కువగా మారేది ఎడిట్ ఆదేశాల ద్వారానే కనుక, వాటి వినియోగాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన మెక్‌డొనాల్డ్, హార్‌బా రూపొందించిన మాడ్‌ఫ్లో 1984లో తొలిసారి వెలువడింది. నేడు విరివిగా వాడుకలో ఉన్న అనేక భూగర్భ జల సాఫ్ట్‌వేర్‌లకు ఇదే ఆధారం. ఇది అధ్యయన ప్రాంతాన్ని అడ్డువరుసలు, నిలువు వరుసలు, పొరలుగా విభజించి ప్రతి గడిలోను నీటిమట్టాన్ని లెక్కిస్తుంది. 50 చదరపు కిలోమీటర్ల వాటర్‌షెడ్‌ను 100 మీటర్ల గళ్లుగా విభజిస్తే ఒక్కొక్క పొరకు 5,000 గళ్లు, రెండు పొరలకు 10,000 గళ్లు ఏర్పడతాయి. ప్రతి గడికి పొర అడుగు ఎత్తు, నీటి వాహకత, స్పెసిఫిక్ ఈల్డ్, ప్రారంభ నీటిమట్టం వంటి విలువలు అవసరం. వీటిని ఒక్కొక్కటిగా నమోదు చేయడం సాధ్యం కాదు. అందువల్లనే కాపీ, పేస్ట్, పొర నకలు, వెదకి మార్చుట, గుణకంతో హెచ్చించుట, అన్‌డూ వంటి ఆదేశాలను కల్పించారు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఇవన్నీ ఎడిట్ మెనూలో ఉంటాయి. మరికొన్నింటిలో విలువల పట్టికకు అనుబంధంగా ఉంటాయి. ఎక్కడ ఉన్నా, ఒక్క ఆదేశం వేల గళ్ల విలువలను క్షణంలో మార్చివేస్తుంది. క్షేత్రంలో ఆ చోట శిల అలా ఉన్నదా అని సాఫ్ట్‌వేర్ ప్రశ్నించదు. ఆ ప్రశ్న వేసుకోవలసినది నమూనాకారుడే.

పొర నుండి పొరకు నకలు

మొదటి పొర విలువలను రెండవ పొరకు నకలు చేయడం సర్వసాధారణం. సరిహద్దుల వంటి వాటికి ఇది ఉపయోగకరమే. స్పెసిఫిక్ ఈల్డ్ విషయంలో మాత్రం ఇది ప్రమాదకరం. స్పెసిఫిక్ ఈల్డ్ అంటే, సంతృప్తమైన శిల గురుత్వాకర్షణ వల్ల విడుదల చేయగల నీటి పరిమాణానికి శిల మొత్తం పరిమాణంతో గల నిష్పత్తి. భూగర్భ జల వనరుల అంచనా కమిటీ 1997లో సూచించిన ప్రమాణాల ప్రకారం, బంకమట్టి తక్కువగా గల శిథిల గ్రానైటుకు ఇది 3 శాతం, బంకమట్టి ఎక్కువగా ఉంటే 1.5 శాతం. హైదరాబాదుకు దక్షిణాన 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం వాటర్‌షెడ్‌లో ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు నీటిమట్టాల హెచ్చుతగ్గుల ఆధారంగా సుమారు 1.4 శాతంగా అంచనా వేశారు.

ఈ తేడా ఎంతటిదో ఒక చిన్న గణన తెలియజేస్తుంది. 50 చదరపు కిలోమీటర్ల వాటర్‌షెడ్‌లో నీటిమట్టం సగటున 3 మీటర్లు పడిపోయిందనుకుందాం. స్పెసిఫిక్ ఈల్డ్ 1.5 శాతమైతే విడుదలైన నీరు 22.5 లక్షల ఘనపు మీటర్లు. 3 శాతమైతే 45 లక్షల ఘనపు మీటర్లు. అంటే ఒక తప్పు నకలుతో 22.5 లక్షల ఘనపు మీటర్ల లేని నీరు నమూనాలో చేరుతుంది. హెక్టారు రబీ వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, తిరిగి భూమిలోకి ఇంకే భాగాన్ని మినహాయించకుండా చూసినా, ఇది సుమారు 187 హెక్టార్ల వరికి సమానం. ఆ అంచనాను నమ్మి నాట్లు వేసిన రైతుకు పొట్టదశలో బోరు ఎండిపోయినప్పుడు గాని పొరపాటు బయటపడదు.

కాలం నుండి కాలానికి నకలు

మాడ్‌ఫ్లోలో కాలాన్ని స్ట్రెస్ పీరియడ్‌లుగా విభజిస్తారు. ఒక పీరియడ్‌లో ఇచ్చిన పునర్భరణ విలువను మిగిలిన పీరియడ్‌లన్నింటికీ నకలు చేసే సౌలభ్యం చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. వానాకాలపు పునర్భరణ 80 మిల్లీమీటర్లు అనుకుంటే, 122 రోజులకు అది రోజుకు 0.000656 మీటర్లు. ఇదే విలువ ఏడాది పొడవునా నకలైతే వార్షిక పునర్భరణ 240 మిల్లీమీటర్లకు చేరుతుంది. అంటే వేసవిలో కూడా ఖరీఫ్ వాన కురిసినట్లే. రోజుకు మీటర్లలో వ్రాసిన విలువలు చాలా చిన్నవి కావడం వల్ల ఈ పొరపాటు కంటికి ఆనదు. అందువల్ల నకలు చేసిన ప్రతిసారి విలువను ఏడాదికి మిల్లీమీటర్లలోకి మార్చి వర్షపాతంతో పోల్చి చూడాలి.

వెదకి మార్చుట

మాడ్‌ఫ్లో-2005 వరకు గల వెర్షన్‌లలో గడి స్థితిని మూడు విధాల సంఖ్యలు సూచిస్తాయి. ధన సంఖ్య ఉంటే నీటిమట్టాన్ని లెక్కించవలసిన గడి, సున్నా ఉంటే నమూనాకు వెలుపలి గడి, రుణ సంఖ్య ఉంటే స్థిర నీటిమట్టం గల గడి. చెరువు అంచున రెండు గళ్లకు వేయదలచిన −1 పొరపాటున ఒక వరుస మొత్తానికి పడితే, ఆ వరుస తరగని నీటి వనరుగా మారుతుంది. ఎంత తోడినా నీటిమట్టం దిగదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక అపోహకు లోనవుతారు. జల సమతుల్య పట్టికలో రాకపోకల వ్యత్యాసం సున్నాకు దగ్గరగా ఉంటే నమూనా సరైనదని భావిస్తారు. ఆ సున్నా గణితం సరిపోయిందని మాత్రమే చెబుతుంది. స్థిర నీటిమట్టపు గళ్ల నుండి వచ్చిన లేని నీరు కూడా రాబడిలోనే చేరుతుంది కనుక వ్యత్యాసం సున్నాగానే కనిపిస్తుంది. చూడవలసినది వ్యత్యాసాన్ని కాదు, రాబడి ఏ పద్దు నుండి వచ్చిందో ఆ పద్దును.

బావుల పట్టిక, జాలకం మార్పులు

మాడ్‌ఫ్లోలో తోడే నీటిని రుణ సంఖ్యతో సూచించాలి. స్ప్రెడ్‌షీట్ నుండి పేస్ట్ చేసేటప్పుడు రుణ చిహ్నం మరిస్తే బోరుబావి నీటిని తోడడానికి బదులు భూమిలోకి పంపుతుంది. ఒకే పట్టికను రెండుసార్లు పేస్ట్ చేస్తే, ఒకే గడిలోని బావుల విలువలు కలిసిపోయి తోడకం రెట్టింపవుతుంది. పేస్ట్ చేసిన వెంటనే బావుల సంఖ్యను, మొత్తం తోడకాన్ని క్షేత్ర సర్వే లెక్కతో సరిచూడడం ఒక్కటే దీనికి పరిష్కారం.

జాలకాన్ని సన్నగా విభజించినప్పుడు మరొక చిక్కు వస్తుంది. వాగు అడుగు నుండి నీరు ఇంకే సామర్థ్యం ఆ గడిలోని వాగు పొడవుపై ఆధారపడుతుంది. 200 మీటర్ల గడికి లెక్కించిన విలువను 100 మీటర్ల గళ్లకు యథాతథంగా నకలు చేస్తే వాగు ప్రభావం రెట్టింపవుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా అందించే మోడల్‌మ్యూజ్‌లో విలువలను గళ్లకు కాక రేఖలు, బహుభుజాలు, సూత్రాల రూపంలో నిర్వచించవచ్చు. జాలకం మారినప్పుడు అవి తిరిగి లెక్కింపబడతాయి. జాలకాన్ని పలుమార్లు మార్చవలసిన అధ్యయనాలకు ఈ పద్ధతి అనుకూలం.

అన్‌డూ పరిధి

అన్‌డూ సౌకర్యం ఉన్నదన్న ధైర్యంతో పెద్ద మార్పులు చేయడం తగదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో చివరి మార్పు మాత్రమే వెనక్కి వస్తుంది. ఫైలును మూసి తెరిచిన తరువాత సాధారణంగా ఏదీ వెనక్కి రాదు. అంతేకాక, విలువను మార్చినంత మాత్రాన ఫలితం మారదు. నమూనాను తిరిగి నడిపే వరకు తెరపై ఉన్న నీటిమట్టపు పటం పాత విలువలదే. ఈ పటాన్ని కొత్త విలువల ఫలితంగా భావించి నివేదికలో చేర్చే అవకాశం ఉంది.

పాటించవలసిన పద్ధతి

పొర మొత్తాన్ని మార్చే ప్రతి ఆదేశానికి ముందు నమూనాను తేదీతో కొత్త పేరున భద్రపరచాలి. ఏ విలువను, ఏ గళ్లలో, ఎంత నుండి ఎంతకు, ఏ క్షేత్ర ఆధారంతో మార్చినదీ పుస్తకంలో నమోదు చేయాలి. ఒక పరుగుకు ఒకే మార్పు చేయాలి. మార్పు తరువాత కనిష్ఠ, గరిష్ఠ విలువలను, రంగుల పటాన్ని చూడాలి. నమూనాను నడిపి జల సమతుల్య పట్టికలోని ప్రతి పద్దును పాత పరుగుతో పోల్చాలి. చివరగా, లెక్కించిన నీటిమట్టాలను పీజోమీటర్ల కొలతలతో సరిచూడాలి.

ఇదే ఆదేశాలు క్రమపద్ధతిలో వాడితే ఎంతో ఉపకరిస్తాయి. పునర్భరణను 0.8తోను, 1.2తోను హెచ్చించి నమూనాను నడిపితే, వాన తగ్గిన ఏడాదిలో నీటిమట్టం ఎంత దిగుతుందో కొద్ది నిమిషాలలో తెలుస్తుంది. అప్పుడు విస్తరణ శాస్త్రవేత్త రైతులకు ఒకే అంకె కాక, మంచి ఏడాదికి ఒకటి, కరువు ఏడాదికి ఒకటి చొప్పున విస్తీర్ణాలు సూచించగలుగుతారు. పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాలలో అమలైన రైతుల యాజమాన్య భూగర్భ జల పథకంలో రైతులే బావుల నీటిమట్టాలు కొలిచి, నీటి బడ్జెట్ వేసుకుని పంటలు నిర్ణయించుకున్నారు. అటువంటి రైతుల ముందుకు నమూనా ఫలితాన్ని తీసుకుపోయినప్పుడు, ఈ అంకె ఎక్కడి నుండి వచ్చిందని వారు అడగడం సహజం. మార్పుల పుస్తకం ఉన్న నమూనాకారుడు మాత్రమే దానికి సమాధానం చెప్పగలడు.